నాయనమ్మ కోసం రాసిన దిమ్మక్షరాలు

మొన్న నందిగామలో మా బడి గేటుకు ఎనామిల్ పెయింటు వేస్తుంటే, ఆ వాసనకు చెబుతున్న పాఠం ఆపి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఆ వాసన లేని రోజు ఉండేది కాదు. ఎండాకాలం మాగాయ ముక్కలు ఆరబెట్టిన మంచం పక్కనే నాన్న రంగుడబ్బాలూ, కుంచెలు నానేసిన కిరసనాయిలు గిన్నే ఉండేవి, క్రిస్మస్‌కు అరిసెలు వండేరోజు కూడా అమ్మ చేతికి పాకం, నాన్న చేతికి ఎర్రరంగు అంటుకుని ఉండేవి.

నాన్న బోర్డులు రాసేవాడు. ముక్త్యాల సిమెంటు లారీల మీదా, విత్తనాల కొట్ల మీదా ఆయన రాసేవి బాగా లావైన అక్షరాలు. సుద్దపొడి పూసిన దారంతో గళ్ళు కొట్టి, తెలుగు అక్షరంలోని వంపులన్నిటినీ మూలలుగా మార్చి, పరుగెత్తే బస్సులోంచి కూడా చదవగలిగేలా రాసేవాడు. వాటికి ఆయన పెట్టుకున్న పేరు దిమ్మక్షరాలు.

మా నాయనమ్మకు చదువు రాదు. పత్తిచేలల్లో, మిరప కోతల్లో బతుకు గడిపిన మనిషి. ఒకసారి నందిగామలో మా మేనత్తను చూసి తిరిగొస్తూ, ఎవరినైనా అడగడానికి సిగ్గుపడి, మా పేట బస్సనుకుని బెజవాడ బస్సెక్కింది. పరిటాల ఆంజనేయస్వామి విగ్రహం కనబడ్డాకగానీ దారి తప్పానని తెలియలేదు. సాయంత్రానికి ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడింది.

"ఊరందరికీ పేర్లు రాస్తావు గదరా, నాకో అక్షరం చెప్పావా ఎప్పుడన్నా?" అంది.

మర్నాడు నాన్న పని మానుకుని పెరటి గోడకు సున్నం వేసి, జగ్గయ్యపేటలోని మొదటి అక్షరం 'జ' మూరెడెత్తు రాశాడు.

"ఇదేందిరా, ఇటుకలు పేర్చినట్టుంది!"

"వేలు పెట్టి తడిమి చూడమ్మా. ఏ మూల ఎటు తిరిగిందో తెలుస్తది."

ఆ 'జ' పక్కన నాన్న ఒక్కో అక్షరమే చేరుస్తుంటే, రోజూ పొద్దుగూకే వేళ ఆమె ఆ గోడను తడిమేది, పక్కన నేనూ తడిమేదాన్ని. వానలు వెళ్ళేసరికి గోడంతా చదివేసింది. ఉత్సాహంగా బస్టాండుకు వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. అక్కడి బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఒక్కటీ అందలేదు.

నాన్న విసుక్కోలేదు. ఆ ఆదివారం నుంచీ వారానికోసారి ప్రతి అక్షరం మూలలూ కొంచెం కొంచెం గుండ్రం చేస్తూ పోయాడు. క్రిస్మస్ నాటికి గోడ మీద మామూలు తెలుగు ఉంది. ఆ పండగ ఆరాధనలో నాయనమ్మ లేచి నిలబడి, బైబిల్లో ఒక్క వాక్యం, ప్రతి అక్షరం దగ్గరా వేలు ఆపుకుంటూ చదివింది. నాన్న వెనక వరసలో తలొంచుకుని కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

ఇప్పుడు పేట నిండా ఫ్లెక్సీలే. నాయనమ్మ లేదు. నాన్న రాసిన గోడలు చాలావరకు రోడ్డు వెడల్పులో పోయాయి. పెరటి గోడ పోయినేడు వానకు కూలింది. ఫొటో అయినా తీసుకోలేదే అని నేను బాధపడితే, నాన్న నవ్వాడు.

"ఆమె చదివేసింది గదే. ఇంక గోడతో ఏం పని?"