రెండో చెయ్యి పాత ముచ్చట

పుల్లమ్మ పొద్దున్నే లేచి ముందు పళ్లు తోముకునేది కాదు, ఫ్యాషన్ ప్రపంచాన్ని తోమేది. దుప్పటి తలమీదికి లాక్కుని, ఫోనులో ఆ రోజు బట్టల వార్తలు పైకి చదువుతూ, ఒక్కోదానిమీదా ఒక్కో పుల్ల విరిచేది. ఆ పుల్లవిరుపు మాటలవల్లే ఆ పేరు వచ్చింది. అసలు పేరు కాలేజీ హాజరుపట్టీలో చెక్కుచెదరకుండా ఉంది, ఎవరూ వాడలేదు కాబట్టి.

వినే భాగ్యం పక్కమంచం పిల్లది. ఎవరేం చెప్పినా కళ్లు పెద్దవి చేసి "అవునా!" అనడం, అన్నాక నమ్మేయడం ఆ పిల్ల స్వభావం. క్లాసంతా ఆమెను ‘అవునా’ అనే పిలిచేవాళ్లు. ఇద్దరికీ ఫ్యాషన్ డిజైన్‌లో అది చివరి ఏడాది. ఇస్త్రీ దుకాణం మీది గదిలో అద్దెకుండేవాళ్లు. కింద ఇస్త్రీపెట్టె బుస్సుమన్నప్పుడల్లా పైన కిటికీ అద్దం చెమర్చేది.

"ఈ ఏటి రంగు ‘తడిసిన గోడ’ట," అని చదివేది పుల్లమ్మ. "అంటే మన స్నానాలగది మూడేళ్లుగా ఫ్యాషన్‌లో ఉందన్నమాట. మనమే గుర్తించలేదు పాపం."

"అవునా! సున్నం వేయించమని నిన్ననే ఇంటాయనతో చెప్పేశానే!"

"చిరుగుల ప్యాంట్లకు ధర పెరిగిందట. చిరుగు ఎంత పెద్దదైతే ధర అంత. పూర్తిగా చిరిగినది కొనాలంటే ఆస్తి అమ్ముకోవాలి."

"అవునా!"

ఇలాంటి శ్రోత దొరకడం అదృష్టమని పుల్లమ్మ అనుకునేది. అది ఎలాంటి అదృష్టమో ఇంకా తెలియదు.

మనుషుల ముందు పుల్లమ్మ పిల్లి. నలుగురిలో నోరు తెరిచేదే కాదు. కాగితం దొరికితే మాత్రం పులి. కాలేజీ వెబ్ పేజీలో వారం వారం ‘అంచు వెంట’ అనే శీర్షిక ఆమెదే. బట్టల పరిశ్రమలో ఏ వార్త వచ్చినా దాన్ని తిరగేసి, లోపలి కుట్లు బయటికి కనబడేలా ఆరేసేది. "మన పేజీ కంపెనీలవాళ్లు కూడా చదువుతారు, తెలుసా?" అని ప్రిన్సిపల్ మేడమ్ ఛాతీ పొంగించేది. కంపెనీలకు అంత తీరిక ఉందా అని పుల్లమ్మకు అనుమానమే, కానీ పిల్లి కదా, తలూపి ఊరుకునేది.

చివరి పరీక్షకు రెండు నెలల ముందు ఒక వార్త వచ్చింది. నూలు ధర పెరిగింది. ఆ వెంటనే ఒక పెద్ద కంపెనీ ఎడమ చెయ్యి లేని చొక్కా విడుదల చేసి, అది ‘స్వేచ్ఛ’కు గుర్తు అంది. పుల్లమ్మకు ఆ పూట ఆకలి వేయలేదు. ఆనందం కడుపు నింపేసింది. కూర్చుని రాసేసింది:

"తీర్పు వచ్చేసింది. రెండో చెయ్యి పాత ముచ్చట. బట్ట మిగుల్చుకోవడానికే ఇలా చేశారని అనుమానించేవాళ్లు కళాహృదయం లేనివాళ్లు. చివరి ఏడాది విద్యార్థులారా, ఇంకా రెండేసి చేతులు కుడుతున్నారా? పరీక్షకు వచ్చే పెద్దలు మిమ్మల్ని చూసి జాలిపడతారు. మేలుకోండి, ఒక చెయ్యి విప్పేయండి."

క్లాసంతా పడీపడీ నవ్వారు. అవునా నవ్వలేదు. అప్పుడు ఆమె కుట్టుగదిలో ఉంది, విప్పుతోంది.

పరీక్ష ఎల్లుండనగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక పుల్లమ్మ కుట్టుగదికి వెళ్లింది. అవునా తన ఆరు గౌన్లనూ వరసగా తగిలించి, పక్కన నిలబడి మురిసిపోతోంది. మంచి పసుపు రంగు బట్ట, కింద దట్టంగా కుచ్చులు. కుట్టు చూస్తే కళ్లకద్దుకోవచ్చు. ఆరింటికీ కుడిచెయ్యే ఉంది. ఎడమవైపు చంక దగ్గర చక్కగా అంచు మడిచి కుట్టేసి ఉంది.

"బాగున్నాయే," అంది పుల్లమ్మ. "మిగతా చేతులేవీ? ఇంకా కుట్టలేదా?"

"మిగతావేంటి? రెండో చెయ్యి పాత ముచ్చట కదా."

"ఎవరన్నారు?"

"నువ్వే!"

పుల్లమ్మ మెల్లగా స్టూలు లాక్కుని కూర్చుంది. "ప్రిన్సిపల్ మేడమ్ చూసి కూడా ఏమీ అనలేదా?"

"బొమ్మలు చూసి సంతకం పెట్టేశారు. బొమ్మలన్నీ కుడిపక్క నుంచి గీశాను మరి. ఎడమపక్క ఎలాగూ ఏమీ లేదుగా."

తప్పించుకునే దారి పుల్లమ్మకు కనిపించకపోలేదు. ‘బాగుంది, కొత్తగా ఉంది’ అనేసి ఊరుకోవచ్చు. కానీ ఈసారి పరీక్ష తప్పితే చదువు మానిపించి మేనమామ పెయింట్ల దుకాణంలో కూర్చోబెడతానని అవునా వాళ్ల నాన్న ముందే తేల్చి చెప్పాడు. డబ్బాల మూతలు తీసి రంగు కలపడమూ ఒక కళేనట.

"అది వెటకారమే," అంది పుల్లమ్మ.

"అవునా?" ఈసారి ఆ మాట వేరేలా వినిపించింది. "అది వెటకారమని ఎక్కడ రాశావు?"

"వెటకారమని రాస్తే ఇంకది వెటకారమెలా అవుతుంది?"

"మరి చదివేవాళ్లకెలా తెలుస్తుంది?"

"తెలిసేవాళ్లకు తెలుస్తుంది."

"అంటే నేను తెలియనిదాన్నా?"

అవునా గౌన్లవైపు తిరిగి, "నువ్వు నాకు చెయ్యిచ్చావే," అంది.

ఆ మాటకు పుల్లమ్మ నోటిదాకా ఒక చమత్కారం వచ్చింది. ఇంతకంటే మంచి సందర్భం మళ్లీ రాదు కూడా. పళ్ల మధ్య నొక్కిపెట్టి మింగేసింది. అలా మింగడం ఆమెకు అదే మొదలు.

వరండాలోకి వెళ్లి అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. కష్టం చెప్పుకునేవాళ్లు ఆమెకు రోజూ వార్డు నిండా ఉంటారు.

"ఏడ్చిందా ఆ పిల్ల?"

"లేదమ్మా."

"అయితే ఇంకా ప్రమాదం. మీ నాన్న కూడా ఇంతే, పెళ్లిచూపుల్లో వేళాకోళానికి మా మేనత్తను పట్టుకుని పెళ్లికూతురు మీరేనా అని అడిగాడు. ఆవిడ ఇప్పటికీ మా గడప తొక్కదు. నాతో ముచ్చట్లేంటే, వెళ్లి బట్ట చూడు!"

పసుపు బట్ట పీలిక కూడా మిగల్లేదు. విప్పిన చేతుల బట్టంతా అవునా కుచ్చుల్లో పెట్టేసింది. దుకాణంలో ఆ రంగు అయిపోయి నెలైంది. ఇక గదిలో మిగిలిన బట్టంటే పుల్లమ్మ పరీక్ష కోసం కుట్టుకున్న మూడు బూడిదరంగు కోట్లు. మడమలు దాటి నేలమీద జీరాడేవి. పొడుగు కోట్ల పిచ్చిని ఎక్కిరించడానికే వాటిని అంత పొడుగు కుట్టింది. వాటికి ‘వీధి ఊడ్చే కోట్లు’ అని పేరు పెట్టి, తన తెలివికి తానే నెల రోజులు మురిసిపోయింది.

పెద్ద కత్తెర తీసుకుని మూడింటినీ మోకాళ్ల దగ్గర కోసేసింది. కోసేశాక వాటిలో వెటకారం పోయింది. వట్టి కోట్లు మిగిలాయి.

అవునా నోరు తెరుచుకుని చూసింది. తర్వాత వచ్చి బట్ట పరిచింది. కంగారులో పుల్లమ్మ మొదటి చెయ్యి కుడివైపుకి కోయబోతుంటే అవునా టక్కున కత్తెర పట్టుకుంది.

"ఎడమదే! కుడిచేతులు నాకు బోలెడున్నాయి." కత్తెర వదిలి, ఉన్నదున్నట్టుగా చెప్పింది: "చెయ్యిచ్చిందీ నువ్వే, చేతులిస్తున్నదీ నువ్వే."

పుల్లమ్మ పగలబడి నవ్వింది. ఎందుకు నవ్విందో అవునాకు ఇప్పటికీ తెలియదు.

పరీక్షకు ఇంకో చొక్కాల కంపెనీ మేనేజరు వచ్చాడు. పుల్లమ్మ కోట్లు చూసి, "ఇవి సగంలో ఆగినట్టున్నాయే," అన్నాడు. "అవును సార్," అంది పులి. అంతే, ఇంక మాట పెగల్లేదు.

తర్వాత పసుపు గౌను బూడిదరంగు చెయ్యి పట్టుకుని, "ఇదొక్కటి వేరే బట్టేంటమ్మా?" అని అవునాను అడిగాడు.

అబద్ధం కుట్టడం అవునాకు ఏ క్లాసులోనూ నేర్పలేదు. "ముందు ఎడమ చేతులు లేవండి. అవి పాత ముచ్చట అని మా కాలేజీ పేజీలో చదివి విప్పేశాను. తర్వాత అది వెటకారమని తెలిసింది. అప్పటికి నా బట్ట అయిపోయింది. తన కోట్లు కోసి ఇచ్చింది."

ప్రిన్సిపల్ మేడమ్ నేలలోని పగుళ్లను శ్రద్ధగా పరిశీలించసాగింది.

మేనేజరు గౌను వదిలేశాడు. "వెటకారమా? ‘అంచు వెంట’లో వచ్చిందేనా? అది వెటకారమని మాకెవరూ చెప్పలేదే!"

తేలిందేమంటే, వాళ్ల ఆఫీసులో ఆ వ్యాసాన్ని ‘యువత నాడి’ అని తెరమీద వేసి చూపించారు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. ఒంటిచేతి చొక్కాలు కోతబల్ల ఎక్కేశాయి కూడా.

"రాసిందెవరు?"

పుల్లమ్మ చెయ్యెత్తింది. తిడతాడనుకుంది. ఆయన గొంతు తగ్గించి, "వచ్చే సీజన్‌లో ఏమొస్తుందమ్మా? నీకు తెలిసే ఉంటుంది," అన్నాడు.

పుల్లమ్మ నాలుక చివర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మూడూ అద్భుతమైనవే. ఇటు చూస్తే అవునా కూడా కళ్లు పెద్దవి చేసుకుని ఎదురుచూస్తోంది.

"నాకు తెలీదు సార్," అంది. ఈసారి గొంతు బాగానే పెగిలింది. "నేను ఎక్కిరిస్తాను, అంతే. నేను రాసింది చూసి దయచేసి ఏమీ కుట్టకండి."

"ఎంత నిజాయితీ!" అన్నాడు ఆయన. "పరీక్షలయ్యాక మా ఆఫీసుకు రా."

కుట్టుకు వచ్చిన మార్కులు అవునాను గట్టెక్కించాయి. పెయింట్ల దుకాణం మేనమామ వేరే మనిషిని వెతుక్కున్నాడు. పుల్లమ్మ ఈడ్చుకుంటూ పాసైంది. అప్పటికే కోసేసిన ఒంటిచేతి చొక్కాలు దుకాణాలకు వెళ్లాయి, వారంలో అమ్ముడుపోయాయని వార్త వచ్చింది. దానిమీద పుల్లమ్మ ఏమీ రాయలేదు. వెటకారం చెయ్యడానికి వాళ్లేమీ మిగల్చలేదు.

కంపెనీవాళ్లు రాబోయే ఫ్యాషన్ చెప్పే ఉద్యోగం ఇస్తామన్నారు. ఆమె వద్దని, ఇంకేం ఖాళీ ఉందని అడిగింది.

ఇప్పుడు పుల్లమ్మ ఆ కంపెనీలోనే చొక్కాల లోపల కుట్టే చిన్న పట్టీలమీదికి మాటలు రాస్తుంది: చల్లటి నీళ్లలో ఉతకండి, గట్టిగా పిండకండి, నీడలో ఆరేయండి.