నడిమి మడి

మా పెద్దమాలి చనిపోయాడని పొద్దున్నే ఫోన్ వస్తే, మేనేజరు అడిగిన మొదటి మాట ఆదివారం పెళ్లికి తోటలో పూల సంగతేమిటని. మధ్యాహ్నానికి గేటు దగ్గర ఆయన ఫోటోతో ఫ్లెక్సీ కట్టించి, ప్లాస్టిక్ దండ వేయించాడు. పన్నెండెకరాల పూలతోట పెంచిన మనిషికి ప్లాస్టిక్ దండ.

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన కనిపించే పెళ్లిళ్ల రిసార్టు అది. తోటల చదువు చదివి నేను అక్కడ సూపర్‌వైజరుగా చేరాను. పెద్దమాలి బడికే పోలేదు. నాకొచ్చిన పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఉగాది వెళ్లగానే బంతి, జినియా, కోడిజుట్టు నారు నాటించేవాడు. సాయంత్రం చెప్పులు విడిచి మడిలో నిలబడేవాడు. కాలు చురుక్కుమంటే ఆ రోజుకు నాటడం లేదు.

"మన కాలే ఓర్సుకోలేకుంటే పసినారు యాడ ఓర్సుకుంటాది?" అనేవాడు.

లేత రంగులు ఎండకు వెలవెలబోతాయని వేసవికి ముదురు రంగులే ఎంచేవాడు. మొక్క గుబురు కట్టాలని మొదటి మొగ్గలన్నీ గిల్లేసేవాడు.

మేనేజరుకు అంత ఓపికెక్కడిది? నిరుడు బెంగళూరు నర్సరీ నుంచి విరబూసిన పెటూనియాలు తెప్పించి, కుండీలతో సహా మట్టిలో పాతించాడు. ఫోటోలకు సరిపోయాయి. నాలుగో రోజుకు తలలు వేలాడేశాయి. దగ్గరుండి పాతించింది నేనే, అదీ నా చదువు. పెద్దమాలి నన్ను ఒక్క మాటే అన్నాడు.

"నీకు సదువుండాదమ్మా. సిగ్గే లేదు."

మర్నాడు ఆయనే పిలిచి, వేరు నలగకుండా నారు ఎలా పట్టుకోవాలో చూపించాడు.

ఈ ఏడు ఆయన ఆఖరుగా నాటింది నడిమి మడి. పోయే ముందురోజే మొగ్గలు గిల్లాడు. ఆకులు తప్ప ఏమీ లేవని, అదంతా పీకేసి కుండీలు పాతమన్నాడు మేనేజరు. నేను పాతనన్నాను. మీకు కావాల్సింది ఫోటోనే కదా, గేటు దగ్గరున్న ఫ్లెక్సీ తెచ్చి ఇక్కడ నిలబెట్టుకోండి అన్నాను. కూలికొచ్చిన ఆడవాళ్లు కూడా పార ముట్టలేదు. పెళ్లిలో ఫోటోలవాళ్లు జంటను ఫౌంటెన్ వైపు తిప్పుకున్నారు. సోమవారం నుంచి నన్ను రావద్దన్నారు.

మూడు వారాల తర్వాత చిత్తూరు బస్సులో అటుగా వెళ్లాను. నడిమి మడి నిండా కోడిజుట్టు పూలు ఎర్రగా విరగబూశాయి. ముందు సీట్లో ఆమె పక్కామెను తట్టి, "ఎంత బాగుండాదో సూడు" అంది. నాకు ఏడుపాగలేదు. ఆ పూల మధ్యలో మేనేజరు నిలబడి, చెయ్యి చాచి ఫోను పట్టుకుని, నవ్వుతూ తన ఫోటో తనే తీసుకుంటున్నాడు.