రబ్బరక్క చెరపని తీగలు

స్టూడియోలో ఆమెను అందరూ రబ్బరక్క అంటారు. ముఖాల మీద మొటిమలు, చొక్కాల మీద మరకలు, గిట్టని బావగార్లు, ఏది అక్కర్లేకపోయినా ఫోటోలోంచి చెరిపేయడం ఆమె పని. మనిషిని తీసేశాక పక్కవాడి భుజం మీద అతని చెయ్యి మిగిలిపోకుండా చూడడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

యజమానికి ఆకాశం బాబాయి అని పేరు. ఎప్పుడో సంపాదించిన ఒకే ఒక్క సాయంకాలపు ఆకాశం ఆయన కంప్యూటర్లో ఉంది. కొండైనా చెరువైనా, మిట్టమధ్యాహ్నం తీసిందైనా సరే, దాని నెత్తిన ఆ నారింజ రంగు ఆకాశమే అతికించాలి. నీడలు ఒకవైపు, సూర్యుడు ఇంకోవైపు! చూస్తే నవ్వొస్తుంది గానీ, పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

కొత్త హోటలువాళ్లు ముందు హాలు గోడకు ఊరి వెనక కొండ ఫోటో కావాలన్నారు. బాబాయి తీసుకొచ్చిన ఫోటోలో కొండ మీదుగా కరెంటు తీగలు, స్తంభాలు ఉన్నాయి. మన ఆకాశం పెట్టి తీగలు లేపేయమన్నాడు. రబ్బరక్కకు అదెంత పని? చిటికెలో చేసింది. తీరా తెర వంక చూస్తే కొండ బోడిగా మిగిలింది. ఆ తీగలు లాగినవాడు ఆమె మొగుడు. లైన్‌మన్‌గా ఉన్న రోజుల్లో ఆ స్తంభాలు మోసీ మోసీ, ఇప్పుడు అతని భుజం తల దువ్వుకోవడానికి కూడా లేవదు. కట్టుకున్నవాణ్ణి తన చేత్తోనే చెరిపేసినట్టనిపించింది.

తీగలు వెనక్కి తెచ్చింది. అతికించిన ఆకాశం పీకేసింది. నీడ ముదురు చేస్తే తీగలు అందులో కలిసిపోయాయి. పచ్చదనం తగ్గిస్తే కొండకు జ్వరం వచ్చినట్టుంది. మెరుపు పెంచితే అంతా నూనె పూసినట్టయింది. భోజనం మానేసి మరీ ఒకటి చెడగొట్టి ఇంకొకటి చేసింది. చివరికి పొద్దుటి వెలుగును తీగల మీద మాత్రం రవ్వంత పెంచింది. కొండ మీంచి ఊళ్లోకి తీగలు సన్నగా మెరుస్తూ దిగాయి.

ఇంట్లో చెబితే మొగుడే ముందు భయపడ్డాడు. నోటికాడి కూడు పోగొట్టుకుంటావా, తీసేయమన్నాడు. నోరు మూసుకుని కూర్చోమంది.

నమూనా ప్రింటు చూసి బాబాయి నెత్తి బాదుకున్నాడు. వేరేది తీసే వ్యవధి లేక, ఆమెను వెంటబెట్టుకుని దాన్నే హోటలుకు పట్టుకెళ్లాడు. హోటలు యజమాని హాల్లో నిలబడి, అంతా బాగుంది గానీ ఆ దరిద్రపు తీగలు తీసేయమన్నాడు. తీయకపోతే రేపటి నుంచి పనికి రానక్కర్లేదని బాబాయి ఆమె చెవిలో పళ్లు నూరాడు. రబ్బరక్క తలెత్తి పైకి చూసింది. పట్టపగలే హాలంతా దీపాలు వెలుగుతున్నాయి.

"తీసేస్తాను సార్. ముందు మీరా లైట్లన్నీ ఆర్పించండి. మీకు కరెంటు ఆ దరిద్రంలోంచే వస్తోంది."

ఒక్కరూ స్విచ్చు వైపు కదల్లేదు. ఆమె ప్రింటు చుట్టి చంకన పెట్టుకుని, ఉద్యోగం అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేసింది.

ప్రింటు గోడకు అంటించింది. మొగుడు దగ్గరికొచ్చి ఒక్కో స్తంభాన్నీ వేలితో తడిమాడు. కొండ అంచున ఉన్న స్తంభం దగ్గర వేలు ఆగిపోయింది. అది కాస్త పక్కకు ఒరిగి ఉంది.

"అక్కడ కింద రాయి పడింది. ఎంత తవ్వినా గుంట దిగలేదు. నలుగురూ చూస్తే నవ్వుతారే. నీకు వచ్చుగా, కొంచెం నిటారుగా చెయ్యి."

"చెయ్యను," అంది రబ్బరక్క. "నువ్వు పాతినట్టే ఉంటుంది."