సైకిలుకి మారకం

నా చిన్నప్పుడు నాకు అసూయ చాలా ఎక్కువ. ఇప్పుడు తగ్గిందని కాదు, దాన్ని ఎటు తిప్పాలో కాస్త తెలిసింది. మొన్న మా అమ్మాయి, సర్కారు బడిలో చదివే పక్కింటి పిల్లకి పుస్తకాలూ యూనిఫామూ ఊరికే ఇచ్చారని మూతి ముడుచుకుని అన్నం మానేసింది. దాన్ని చూస్తే అచ్చం నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. అందుకని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పాను. సగం విని నిద్రపోయింది. మిగతా సగం కోసం ఇలా రాసిపెడుతున్నాను.

మా తాతయ్య కాలంలోనే మావాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా నాన్నది వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఉద్యోగం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల మనిషితో ఛత్తీస్‌గఢీ. మా నాయనమ్మ మాత్రం మూడింటినీ కలిపి ఒకే భాషలా మాట్లాడేది, అయినా అందరికీ అర్థమయ్యేది. కాలనీకి దగ్గర్లోనే ఉన్న సర్కారు ఆడపిల్లల బడిలో నేను తొమ్మిదో తరగతిలో చేరాను. నా బెంచీ మీద నా పక్కన కూర్చునే అమ్మాయి మోవా అవతలి బస్తీ నుంచి రోజూ నడిచి వచ్చేది. నాకు అంత దగ్గరి స్నేహితురాలు మరొకరు లేరు. అంత దగ్గరిది కాకపోతే నాకంత కుళ్లు పుట్టేది కాదేమో.

ఆ ఏడాది బడి తెరవగానే నాకు సైకిలు కొంటానని నాన్న మాట ఇచ్చాడు. కాలనీ చివరి దుకాణంలో ఏది కొనాలో కూడా చూసి పెట్టుకున్నాను. ఇంతలో వానలు మొదలయ్యాయి. బజారు నుంచి వస్తూ నాన్న స్కూటర్ జారి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రైల్వే ఆసుపత్రిలో తొడ దాకా కట్టు వేసి ఇంటికి పంపారు. ముందు గదిలో నవారు మంచం వేసి ఆయన్ని పడుకోబెట్టాం. ఎవరడిగినా “నాన్న సిక్కులో ఉన్నాడు” అని చెప్పేవాళ్లం, అంటే జబ్బు సెలవులో అని. రైల్వే కాలనీలో అదొక ఊరి పేరులాంటిది, ఎప్పుడూ ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి ఉంటారు. ఆ కట్టు చూశాక ఇంట్లో సైకిలు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడిలో సైకిళ్లు పంచారు. తొమ్మిదిలో చేరిన పేదింటి ఆడపిల్లలకి, చదువు మానకుండా ఉండాలని, సర్కారు సైకిళ్లు ఇచ్చేది. బడి ఆవరణలో వాటిని వరసగా నిలబెట్టారు. హ్యాండిళ్లకి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్క అమ్మాయీ వెళ్లి తాళం చెవి తీసుకుంటోంది. మా నాన్నకి జీతం వస్తుంది కాబట్టి నా పేరు పిలవరని నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతి పేరుకీ ముందు చెవులు రిక్కించాను. నా పక్కనున్న అమ్మాయి లేచి వెళ్లి నీలం రంగు సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను, కానీ కడుపు మండిపోయింది. ఆ సైకిలు నాది కావాలనిపించింది. నాది కాకపోతే పోనీ, దానిదీ కాకూడదనిపించింది. ఇంటికి దింపుతాను, వెనక కూర్చో అని అది ఎంత బతిమాలినా వినకుండా నడిచే వచ్చాను.

ఇంటికొచ్చి నా ఏడుపంతా వెళ్లగక్కాను. అమ్మ వంటింట్లోంచి రాలేదు. నాన్న మంచం మీద దిండుకి ఆనుకుని నా తరఫున మాట్లాడాడు. ఇలా ఊరికే పంచుకుంటూ పోతే జనం పని చెయ్యడం మానేస్తారన్నాడు. ఆ సైకిళ్లన్నీ మనలాంటి వాళ్ల పన్నులతో కొన్నవేనన్నాడు. మనం ఏనాడూ సర్కారు ముందు చెయ్యి చాపలేదని చెప్పి, మంచినీళ్ల కోసం నా ముందు చెయ్యి చాపాడు. నాకు ఆ మాటలు ఎంతో నచ్చాయి. నా కుళ్లుకి ఒక న్యాయం దొరికినట్టయింది.

గుమ్మంలో లాల్ భాజీ ఆకుకూర ఏరుతున్న మా నాయనమ్మ ఇదంతా విని తల ఎత్తింది. ఆవిడ చిన్నతనంలో వాళ్ల ఊళ్లో ధాన్యం కొలిచి ఎండుచేపలు తీసుకునేవారట. ఏ వస్తువు చూసినా దేనికి మారకంగా వస్తుందో లెక్కేయడం ఆవిడకి అప్పటి నుంచీ అలవాటు.

“నీకా సైకిలు కావాల, అంతేనా? అయితే మారకం అడుగే. ఆ గుంటని ఆదివారం ఇంటికి తీసుకురా. సైకిలుకి బదులు మనింట్లో దానికేటి కావాలో అదే చెప్తది. ఒకటే మాట. మీ నాన్న కొన్నదేదీ ఇవ్వకూడదు. గవుర్మెంటోడు దానికి ఇచ్చినాడు కాబట్టి, మనకి గవుర్మెంటోడు ఇచ్చిందే ఇవ్వాల.”

మన ఇంట్లో గవర్నమెంటు ఇచ్చింది ఏముంది అన్నాను. ఆవిడ మళ్లీ ఆకు ఏరుకోవడంలో పడింది.

ఆదివారం వరకూ నా బుర్రంతా బేరంతోనే నిండిపోయింది. ఎంత ఆలోచించినా నాకు రైల్వే పాసు ఒక్కటే తట్టింది. ఏటా వేసవిలో ఆ పాసు మీద టికెట్ లేకుండా రైలెక్కి వైజాగ్ వెళ్లేవాళ్లం, సముద్రం చూసేవాళ్లం. ఆ సంగతులు చెబుతుంటే నా స్నేహితురాలు నోరు తెరుచుకుని వినేది. తప్పకుండా పాసే అడుగుతుందనుకున్నాను. ఏడాదికొకసారి వచ్చే సముద్రం కంటే రోజూ తొక్కే సైకిలు మేలని లెక్క కూడా కట్టుకున్నాను. బేరంలో నేనే గెలుస్తానని నమ్మకం కుదిరాక కాస్త అన్నం సహించింది.

ఆదివారం మధ్యాహ్నం అది సైకిలు మీదే వచ్చింది. తెలీబంధాలో వాళ్లమ్మ పనిచేసే ఇంటి దగ్గర ఆవిడని దింపి అటునుంచి అటే వచ్చానంది. సైకిలు వచ్చాక వాళ్లమ్మకి నడక తప్పిందట. నేను ఆ మాట సరిగ్గా వినలేదు, నా కళ్లు బెల్లు మీద ఉన్నాయి. మా నాయనమ్మ బేరం సంగతి చెబితే అది పకపకా నవ్వి సరేనంది. నాయనమ్మ దాని చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది.

ఈ ఇల్లు సర్కారుదంది. గోడ మీద రాసిన క్వార్టర్ నంబరు చూపించింది. వంటింట్లో కుళాయి తిప్పి, ఇదీ సర్కారుదేనంది. పైన తిరిగే పంఖా, దానికి వచ్చే కరెంటు, నేను ఎనిమిదో తరగతి దాకా చదివిన కాలనీ బడి, ఒక్కొక్కటే చెప్పింది. చివరికి తన రెండు కళ్లూ చూపించి, “యే ఆంఖ్ భీ సర్కార్ కా” అంది. ఆవిడకి శుక్లాలు తీసింది రైల్వే ఆసుపత్రిలోనే. వెనకే నడుస్తున్న నాకు ఒళ్లు మండిపోతోంది. మన ఇంటిని పట్టుకుని ఇలా అన్నీ ఎవరో ఇచ్చినవే అంటుందేమిటి అనుకున్నాను. మధ్యలో దూరి పాసు సంగతి ఎత్తాను. సముద్రం ఎంత పెద్దదో మళ్లీ చెప్పాను.

అది వింటోంది గానీ దాని చూపు ముందు గదిలోకి పోతోంది. అక్కడ నాన్న మంచం మీద పడుకుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. అంకుల్‌కి ఏమైందని అడిగింది. కాలు విరిగిందని నాయనమ్మ చెప్పింది. ఎన్నాళ్లుగా పడుకుని ఉన్నాడని అడిగింది. వానలు మొదలైనప్పటి నుంచీ అని చెప్పాం. మరి జీతం వస్తోందా అని అడిగింది. వస్తోందని నాయనమ్మ చెప్పింది. కాలు బాగయ్యాక మళ్లీ రానిస్తారా, ఈలోగా ఆ పనిలో ఇంకొకర్ని పెట్టేసుకోరా అని అడిగింది. ఆ పని వీడిదే, ఎక్కడికీ పోదంది నాయనమ్మ.

అది మంచం వైపు వేలు చూపించింది. “యే వాలా” అంది, ఇదీ అని.

మంచం మా నాన్న కొన్నాడు, అది బేరంలో కుదరదని నేను వెంటనే అడ్డం పడ్డాను. అది తల అడ్డంగా ఊపింది.

“ఖాట్ నహీఁ. అంకుల్ కా లేట్‌నా.”

మంచం కాదట. నాన్న పడుకోవడం కావాలట.

తర్వాత చెప్పింది. వాళ్ల నాన్న నయా రాయపూర్‌లో కడుతున్న ఒక భవనం మీద పనిచేస్తూ పరంజా మీద నుంచి పడ్డాడు. నడుం దెబ్బతింది. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, మొదటి రోజు మందులకి డబ్బులిచ్చి, ఆ వారంలోనే ఆ పనిలో ఇంకొకర్ని పెట్టుకున్నాడు. నడుం కుదురుకోక ముందే వాళ్ల నాన్న లేచి వేరేచోట ఇటుకలు మోయడానికి వెళ్లాడు. అక్కడ మళ్లీ పడ్డాడు. ఇప్పుడు సరిగ్గా కూర్చోలేడు, నిలబడలేడు. వాళ్లమ్మ పనికి వెళ్లడం మొదలుపెట్టింది. తమ్ముణ్ని చూసుకోవడానికి ఇది ఎనిమిదో తరగతిలో చాలా రోజులు బడి మానేసింది. సైకిలు రాకపోతే ఈ ఏడు కూడా మానేసేదాన్నే అంది. ఏడవలేదు. తరగతిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మొదటిసారి పడ్డప్పుడు వాళ్ల నాన్న ఇలా కొన్నాళ్లు పడుకుని ఉంటే లేచేవాడని డాక్టర్ అన్నాడంది.

ఒకే బెంచీ మీద కూర్చుంటున్నా ఇదంతా నాకు తెలియదు. వాళ్ల నాన్నకి ఒంట్లో బాగాలేదని మాత్రమే అది నాకు చెప్పింది. నేను ఇంతకాలం దాని సైకిలు మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంటే, అది మా ఇంట్లో అందరం అపశకునంలా చూస్తున్న ఆ మంచాన్ని చూసి ఈర్ష్యపడింది. నన్ను చూసి కూడా ఈర్ష్యపడేవాళ్లు ఉంటారని నాకు ఆ రోజు వరకూ తోచలేదు.

నాన్న పేపరు దించాడు. తర్వాత కట్టు వేసిన కాలుని రెండు చేతులతో ఎత్తి గోడ వైపు జరుపుకుని, మంచం మీద చోటు చేసి, “బైఠో బేటా” అన్నాడు. అది కూర్చుంది. వాళ్ల నాన్న పేరేమిటో, ఏ భవనమో, ఎక్కడ నొప్పి ఉంటోందో మెల్లగా అడిగాడు. ‘ఊరికే’ అన్న మాట ఆ తర్వాత మా నాన్న నోట ఎప్పుడూ వినలేదు.

వెళ్లేముందు నా స్నేహితురాలు తాళం చెవి తీసి నా అరచేతిలో పెట్టింది. నేను సిద్ధం, మరి నువ్విస్తావా అని నవ్వింది. ఇవ్వడానికి నాన్న పడుకోవడం నా చేతిలో ఉన్నది కాదుగా. తాళం చెవి తిరిగి ఇచ్చేశాను. అదే నన్ను బలవంతంగా సైకిలు ఎక్కించి, వెనక సీటు పట్టుకుని కాలనీ వీధుల్లో పరిగెత్తింది. అబద్ధం ఎందుకు, తొక్కుతున్నంతసేపూ ఇది నాదైతే ఎంత బాగుండునో అనే అనుకున్నాను. కానీ దాని దగ్గర ఉండకూడదని మాత్రం అనుకోలేదు.

ఆ రాత్రి పక్కలో పడుకుని నాయనమ్మని అడిగాను, అది మంచం అడుగుతుందని నీకు ముందే తెలుసా అని. “నాకేటి తెల్సే? కుళాయి అడుగుద్దనుకున్నాను” అంది.

మా నాన్న కాలు బాగయ్యి అదే వర్క్‌షాపులో అదే పనిలోకి వెళ్లాడు. మరుసటి ఏడు నాకూ సైకిలు వచ్చింది. ఇప్పుడు నాయనమ్మ లేదు. నా స్నేహితురాలు సర్కారు ఆసుపత్రిలో నర్సు. నేను నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో ఠేకా మీద కంప్యూటర్ పని చేస్తున్నాను. పని చేసిన రోజుకే జీతం. మా అమ్మాయి కడుపున పడ్డప్పుడు అప్పటి ఉద్యోగం వదులుకున్నాను. పోయిన వానాకాలం నాకు కామెర్లు వస్తే నా స్నేహితురాలు చూడటానికి వచ్చింది, చంకలో రెండో బిడ్డతో. తను కాన్పు సెలవులో ఉంది, జీతంతో. నేను కళ్లు పచ్చగా ఉండగానే మర్నాడు ఆఫీసుకి వెళ్లాలి. మళ్లీ అదే మంట, అదే కడుపులో. ఎంత ప్రాణస్నేహితురాలైనా మంట మంటే. కానీ దాని సెలవు ఊడిపోవాలని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నాకూ కావాలనిపించింది. మా ఆఫీసు ఊడ్చే ఆడవాళ్లకీ కావాలనిపించింది.

ఈమధ్య ఠేకా వాళ్లం కొందరం కలిసి పెద్ద అధికారి గదికి వెళ్లాం. ఆయన మంచివాడే, కూర్చోమన్నాడు. అసలు మీకేం కావాలి, ఒక్క మాటలో చెప్పండి అన్నాడు. మావాళ్లు నియమాలూ నిబంధనలూ వెతుక్కుంటున్నారు. నా నోట్లోంచి నా స్నేహితురాలి మాట వచ్చేసింది. “లేట్‌నా, సర్” అన్నాను. జబ్బు చేస్తే పడుకోవడం. ఆయన నవ్వాడు. నా వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరు కూడా నవ్వలేదు.