చీరల గదిలో నా గొంతు

ఏడు నెలలుగా నేను టీవీ సీరియల్లో కోమాలో ఉన్నాను. ఎంత బాగా పడుకున్నానంటే, ఒక దోమ నా ముక్కు మీద వాలి, చచ్చినవాడనుకుని కుట్టకుండానే ఎగిరిపోయింది. ఒక్క మాటైనా ఇవ్వమని దర్శకుణ్ణి బతిమాలితే, "ఎక్కువ అడిగితే ఫొటోకి దండేస్తాం" అన్నాడు. హిందూపురంలో టీ తాగడానికి పోతే అక్కడా నేను కోమా పేషెంటునే. టీకొట్టు ఆయన పలకరింపు ఇది:

"ఏమప్పా, మంచం దిగి వచ్చినావే! డాక్టరు సరే అన్నాడా?"

నన్ను పెంచిన అవ్వ పెనుకొండలో ఉంది. చూపు పోయింది, చెవులూ మందగిస్తున్నాయి. చిన్నప్పటినుంచి నేను చెప్పిన కోతలకు, నేను నటుణ్ణంటే ఆమె నమ్మదు. టీవీ పెడితే నా గొంతే వినబడదాయె. ఆ చెవులు పూర్తిగా మూసుకుపోకముందే నమ్మించాలని నా ఆరాటం.

అందుకే ఆడియో పుస్తకాలు చదవడానికి ఒప్పుకున్నాను. అక్కడ ఇంకో కట్టడి: మా సీమ యాస ఎక్కడా తొంగిచూడకూడదు. మొదటి అధ్యాయం వినిపిస్తే అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఎవురో సదువుకున్న అయ్యోరు. నీ గొంతు నాకు తెల్దా? పోరా, అబద్ధాలోడా!"

రెండో అధ్యాయం ధర్మవరంలో, అక్కావాళ్ల పట్టుచీరల గదిలో చదివాను. కిటికీ లేని గది, నాలుగు వైపులా చీరల దొంతర్లు. స్టూడియో కూడా అంత నిశ్శబ్దంగా ఉండదు. కానీ ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంటే, దాటిపోయేవాళ్లు చూడకుండా తాళం తిప్పి పోవడం ఆ ఇంటి అలవాటు. అక్క కూడా అట్లే తిప్పి, సంతకు పోయింది. ఫోను రికార్డు చేస్తూనే ఉంది. దానికి లోపల సిగ్నల్ లేదు.

ఆదివారం పెనుకొండలో ఆ రికార్డింగు అవ్వ చెవి దగ్గర పెట్టాను. తాళం పడ్డాక నేను చేసిన గోల కత్తిరించడం మరిచిపోయాను. రాజుగారు రాణిని గంభీరంగా ఓదారుస్తుండగానే తలుపు బాదుడు, ఆపైన అరుపులు:

"అక్కా! ఓ అక్కా! యాడికి పోయినావే? నేను లోపల ఉండా! తలుపు తియ్యండబ్బా!"

ఆపబోతే అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండ్రా! ఆ అయ్యోరు నోట్లోంచే నువ్వు అరుస్తాండావు గదరా!"

"ఆ అయ్యోరు నేనే అవ్వా."

అవ్వ నా మణికట్టు వదిలింది. తర్వాత, "మళ్లా పెట్టు" అంది. రాజు, రాణి ఆమెకు అక్కర్లేదు. తలుపు కొట్టేదగ్గరనుంచే వినాలి. మూడుసార్లు నవ్వుతూ వింది. నాలుగోసారికి ఆమె ముఖంలో ఆ నవ్వు పోయింది.

"తలుపు తీసిరా, లేదా?"

"తీసినార్లే అవ్వా."

మర్నాడు పొద్దున్నే షూటింగు. అదే మంచం, మూసిన కళ్లు, మూసిన నోరు. ఆదివారం అవ్వకు నేను చెప్పిన అబద్ధం ఒక్కటే, తలుపు తీసినారని.