కల్లుకు గడి లేని రికార్డు

కరోనా వార్డులు మూతపడ్డ మరుసటి ఏడాది. ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. ఈహెచ్ఆర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఉండే కేస్ షీటులో, రోగి వాడే మందులు, పొగాకు, మద్యం వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నా పని. వాటిని చదివి ఎవరికి ముప్పు రావచ్చో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్‌ను మావాళ్లు అప్పుడే పరీక్షిస్తున్నారు. ముప్పు లేదనుకుంటే పేరు పక్కన పచ్చ గుర్తు పెడుతుంది.

మల్లేశానికి పచ్చ గుర్తే ఉంది. నాచారం ఫ్యాక్టరీలో లోడు దించుతుండగా కాలు విరిగి చేరాడు. ఆపరేషన్ రోజు పొద్దున, ఇంట్లో ఏ మాత్రలు వాడతాడో అడుగుదామని వార్డుకు వెళ్లాను. అతని వణుక్కి మంచం కడ్డీలు గడగడలాడుతున్నాయి. పరుపంతా చెమట. "చీమలు... దులుపుండ్రి!" అంటూ దుప్పటిని కొట్టుకుంటున్నాడు. డ్యూటీ డాక్టర్ తెర మీద చూశారు. ఆల్కహాల్: లేదు.

"తలకు దెబ్బ తగిలిందేమో, స్కాన్‌కు పంపుదాం" అన్నారు. ఆయన గొంతులోనూ కంగారే. మనసులోనే దేవుణ్ణి తలుచుకున్నాను.

మల్లేశం భార్య పుష్ప గోడకు అతుక్కుని నిలబడి ఉంది. వార్డు సిస్టర్ రోజమ్మ ఆమె దగ్గరకు వెళ్లింది.

"పొద్దూకినంక ఏం తాగుతడమ్మా?"

"మందు ముట్టడు సిస్టరమ్మా. ముడితే నేనూకుంటనా?"

"మరి కల్లు?"

"కల్లు మందెట్లయితది? అందరం తాగుతం. పండుగకు మా అత్తనే నాకు పోస్తది."

"రోజూ తాగుతడా?"

"డ్యూటీ దిగంగనే దుకాణంకాడ ఆగుతడు. కాలిరిగిన కాడికెల్లి లేదు."

రోజమ్మ ముఖం మారిపోయింది. కొన్ని దుకాణాల్లో కల్లులో నిద్రమాత్రల పొడి కలుపుతారు. దానికి అలవాటుపడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమూ పోవచ్చు. డాక్టర్ వెంటనే నావైపు తిరిగి, "ఎంత తాగుతాడో కనుక్కోండి" అన్నారు.

పుష్ప నా చేయి పట్టేసుకుంది. "అక్కా, కంప్యూటర్ల ఎక్కియ్యకు. కంపెనీల తెలిస్తే కొలువు పోతది. తాగుబోతంటరు."

"కంపెనీకి ఇది చూపించరమ్మా. ముందు మనిషి బతకాలి."

ఆమె చెప్పేలోపే మల్లేశం ఒళ్లంతా బిగుసుకుంది. కళ్లు తేలేశాడు. పుష్ప అరుపుకు వార్డంతా లేచింది. ఇంజెక్షన్ ఎక్కాక ఆ కుదుపులు ఆగాయి.

ఆపరేషన్ వాయిదా వేసి, ముందు కల్లు ఆగి వచ్చిన ఈ ఫిట్స్‌కే వైద్యం చేశారు. తెలివి తేటపడ్డాక అతను భార్యను చూసి, "ఏడుస్తవేందే, కాలిరిగింది నాకు గదా" అన్నాడు. ఆమె ఏడుస్తూనే, "నోర్ముయ్" అంది.

రికార్డులో నేను ఎక్కించింది పుష్పకు చదివి వినిపించాను: కల్లు, రోజూ, ఎంత, ఎప్పుడు ఆగింది, ఎవరు చెప్పారు.

"గింతేనా? తాగుబోతని రాయలే?"

"ఆ మాటతో వైద్యం జరగదమ్మా."

తర్వాత మావాళ్లు కల్లుకు విడిగా గడి పెట్టారు. "లేదు"కూ "అడగలేదు"కూ తేడా చూపించారు. రోజమ్మకు, ఆమెను ఆ పూట డ్యూటీలో ఉంచిన దేవుడికి నేను రుణపడ్డాను. కానీ "ఆల్కహాల్: లేదు" అని కనబడితే నాకు ఇప్పటికీ భయమే. ఎవరిని అడిగారు, ఏమని అడిగారు? అది తెలుసుకోకుండా ఆ జవాబును మోడల్‌కు పంపలేను.