ఒడ్డుకు దించని సంచి

మంగళవారం ఉదయం ఆరు గంటల పదికి రాజమహేంద్రవరంలో రావులపాలెం బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. ఒళ్లో దుర్గ సంచి ఉంది.

దుర్గది గోదావరి మధ్య లంక. తొలి కాన్పు, నెలలు నిండాయి, బీపీ ఎక్కువ. మంగళవారం దాటనివ్వకుండా ఆసుపత్రిలో చేర్చమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఆడవాళ్ల బృందం పని అదే. లంకల్లోని గర్భిణులను ముందుగానే తీసుకొచ్చి, ఆసుపత్రి పక్కన అద్దె గదుల్లో ఉంచి, కాన్పయ్యేదాకా తోడుంటాం. కానీ మంగళవారం కోడల్ని గడప దాటించనని దుర్గ అత్తగారు సత్తెమ్మ భీష్మించుకుంది. అందుకని మాలో పెద్దావిడ, ఒకప్పటి నర్సు వరలక్ష్మి గారు, ఆదివారమే మంచి ఘడియ చూసి దుర్గ బట్టల సంచి తెచ్చి మా ఇంట్లో పెట్టారు. ప్రస్థానమన్నమాట. సంచి మంచిరోజున బయలుదేరితే మనిషి ఎప్పుడు బయలుదేరినా దోషం లేదట. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, నాకు నవ్వొచ్చింది. దారిలో నొప్పులొస్తే బట్టలుండాలి కదా అని ఆ సంచి వెంట తెచ్చాను. నా ముందుచూపుకి నేనే మురిసిపోయాను కూడా.

సంచిలోంచి కనబడుతున్న మెత్తటి పాత చీర గుడ్డలు చూసి పక్క సీటావిడ, "కూతురి పురిటికాండి?" అంది.

"ఎవరి కూతురోనండి."

ఆవిడ బుట్టలోంచి రెండు జామకాయలు తీసి, "అయితే ఆ పిల్లకివ్వండి" అంది.

ఏడున్నరకి రావులపాలెం. బస్టాండు బయట నిలబడే నాలుగు ఇడ్లీలు తిని షేర్ ఆటో ఎక్కాను. గట్టు మీద పాతిక నిమిషాలు, ముప్పై రూపాయలు. రేవులో నీళ్లు ఎర్రగా మెట్ల మీదికొచ్చేశాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వరద నీళ్లు వదిలారట.

"రేపట్నుంచి పడవలుండవండి. ఇవాళ్టికే" అన్నాడు పడవాయన.

లంక ఒడ్డంతా బురద. నా మోకాళ్లతో అది ఎక్కాలంటే రెండు చేతులూ కావాలి. సంచి పడవలో బల్ల మీదే ఉంచి దిగాను. దుర్గ, సత్తెమ్మ అప్పటికే ఒడ్డున నిలబడి ఉన్నారు. దుర్గ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. సత్తెమ్మ చూపు పడవ మీద పడింది.

"అది మా సంచి కాదాండి?"

"మీదేనండి. దారిలో అవసరమని..."

"వెనక్కి తెచ్చేశారా! ప్రస్థానం పెట్టింది తిరిగొస్తే పెట్టనట్టేనండి. ఇంక గురువారం దాకా మంచిరోజు లేదు, పంపేది లేదు."

నేను గొంతు పెంచాను. బీపీ అన్నాను, వరదన్నాను. ఆవిడ వినలేదు.

దుర్గ నా పక్కకొచ్చి, "మా తోడికోడలి బిడ్డ పురిట్లోనే పోయిందండి. ఆవిడ మంగళవారమే బయల్దేరింది" అంది చిన్నగా.

నా అతితెలివి ఈ పిల్ల ప్రాణాల మీదికి తెచ్చిందని భయం పట్టుకుంది.

అప్పుడు పడవాయన గడకర్ర మీద వాలి, "అమ్మా, సంచి ఒడ్డుకి దించలేదండి. గోదార్లోనే ఉంది" అన్నాడు.

సత్తెమ్మ నన్ను చూసింది. "నేల తాకలేదాండి?"

"బల్ల మీంచి కదల్లేదండి."

"అయితే రానట్టే" అంది. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు చీర కుచ్చెళ్లు ఎగదోపి, కోడలి చెయ్యి పట్టుకుని పడవ ఎక్కించి, తనూ ఎక్కింది. నేను బల్ల మీద కూర్చుని సంచి పట్టుకుని ఏడ్చేశాను.

అవతలి రేవులో వరలక్ష్మి గారు పంపిన కారుంది. దారిలో దుర్గ జామకాయ ఒక్కటి కొరికి, రెండోది అత్తగారికిచ్చింది. పదకొండుంపావుకి రాజమహేంద్రవరం ఆసుపత్రిలో చేర్చాం. సాయంత్రం నాలుగూ ఇరవైకి ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. ఇద్దరూ క్షేమం.

నేను ఇంటికి బయలుదేరుతుంటే సత్తెమ్మ ఆటో దాకా వచ్చింది. "పిల్లని ఇంటికి తీసుకెళ్లేటప్పుడు కూడా ప్రస్థానం మీ ఇంట్లోనే పెడతానండి. ఈసారి మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకోనండి. ఏ రోజు పెడితే మంచిదంటారు?" అని అడిగాను, లెక్కల టీచర్ని.

ఆటో కదిలాక ఒళ్లో సంచి కనబడక సీటంతా తడిమాను. తర్వాత గుర్తొచ్చింది. సంచి దుర్గ మంచం కింద ఉంది. అందులోని పాత చీర గుడ్డలో పిల్ల నిద్రపోతోంది.